వీరేశలింగము పంతులుగారును యుక్తాయుక్త విచారణయును

ఆంధ్రదేశమున కందుకూరి వీరేశలింగము పంతులుగారి పేరు వినని విద్యార్థి యుండడు. వారు వితంతు వివాహములు జరిపించిరనియు, బాలికలకు పాఠశాల స్థాపించిరనియు, రాజశేఖర చరిత్రమను నవలను రచించిరనియు మా బాలబాలికలు పరీక్షాపత్రములందు వ్రాసి మార్కులు సంపాదించుచునే యున్నారు. ఆ సంగతులనే మరల నేకరువు పెట్టుట మా యుద్దేశము గాదు. ఆ కార్యములన్నిటికిని వెనుక నిలిచిన యలవాటొకటి వారియందుండెను. ఎవరేమి చెప్పినను, చెప్పినవాడెవడని గాక చెప్పినదానికి ఆధారమేమని యడుగుటయే ఆ యలవాటు. దానిని గూర్చి యీ సంచికలో కొంత ముచ్చటింపదలచితిమి.

ఇట్లు తలచుటకు మా తరగతిలో జరిగిన యొక చర్చ కారణము. భాగవతమునుండి పాఠము చెప్పుచుండగా, పోతన మన యోరుగల్లు సీమవాడా, కడప మండలమందలి యొంటిమిట్టవాడా యను ప్రశ్న పుట్టినది. ఒక బాలుడు తన తాతగారు చెప్పిరి గనుక మనవాడే యనెను. మఱియొకడు, కాదనువాడు ఈ యూరియన్నము తిని యీ యూరినే ద్వేషించువాడనెను. మూడవవాడు చేతులెత్తించి లెక్కించి తీర్పు చెప్పుదమనెను. చేతులన్నియు నొక్కవైపే లేచినవి. గంట మ్రోగువఱకును ఒక్క కారణమైనను బయటికి రాలేదు. బాలురను తప్పుపట్టి ప్రయోజనము లేదు. పెద్దలమైన మేము సభలలోను, సంతలలోను, భోజనపంక్తులలోను చేయుచున్నదే వారు చూచి నేర్చుకొన్నారు. పోతన మాటకు పిమ్మట వత్తుము. ముందు పంతులుగారి చరిత్రము.

వారు 1848 సంవత్సరము ఏప్రిల్ 16 న రాజమహేంద్రవరమున సుబ్బారాయుడు, పున్నమ్మ దంపతులకు జన్మించిరి. నాలుగేండ్ల ప్రాయముననే తండ్రి గతించుటచే పెదతండ్రిగారి పోషణలో పెరిగిరి. 1861 లో, పదుమూడేండ్ల వయసున, బాపమ్మయను బాలికతో వివాహమయ్యెను. ఆమెయే తరువాత రాజ్యలక్ష్మమ్మగారని ప్రసిద్ధి కెక్కినది. చదువుకొను దినములలోనే కేశవచంద్రసేనుని రచనలు పంతులుగారి కంటబడెను. అంతవఱకు ఇంటివారు నమ్మినదెల్ల తామును నమ్మిన బాలునికి, నమ్ముటకు ముందు అడుగవచ్చునను సంగతి అప్పుడే తోచినది కాబోలు.

ఆ కాలమున ఇంట నెవరికైన జ్వరము తగిలినచో, వైద్యునికంటె ముందు మంత్రగాడు గడప త్రొక్కెడివాడు. వాని వాదమిట్లుండును: రోగి నిన్న ప్రొద్దుగ్రుంకిన పిమ్మట చింతచెట్టు క్రింద నడచెను, నేడు జ్వరము వచ్చెను, కాబట్టి చెట్టుమీది దయ్యము పట్టెను. వినుటకిది కారణము చెప్పినట్లేయుండును. కాని ముందొకటి జరిగి వెనుక నొకటి జరిగినంతమాత్రమున మొదటిది రెండవదానికి కారణమగునా? మన పూర్వులు దీనికి కాకతాళీయమని చక్కని పేరు పెట్టినారు. కాకి వచ్చి తాటిచెట్టుపై వ్రాలెను, అప్పుడే పండు రాలెను. అంత మాత్రమున కాకి పండును రాల్చెననుట తగదు. అదే చింతచెట్టు క్రింద ఆ సాయంకాలమే నడచి సుఖముగా నిద్రించినవారెందఱో మంత్రగాడు లెక్కింపడు.

పంతులుగారు లెక్కించిరి. లెక్కించుటయే గాక, దయ్యములు లేవని చూపుటకై అర్ధరాత్రమున శ్మశానమునకు పోయి వచ్చుచుండిరి. ఇచ్చట మా విద్యార్థులొక సూక్ష్మమును గమనింపవలెను. ఒక మనుష్యుడు కొన్ని రాత్రులు శ్మశానమునకు పోయి క్షేమముగా తిరిగివచ్చినంతనే లోకమున దయ్యములెచ్చటను లేవని తేలదు. అంత పెద్ద సిద్ధాంతమును ఆ సాక్ష్యము మోయజాలదు. అయితే రాత్రివేళ శ్మశానమునకు పోయిన ప్రతివాడును చెడునని లోకులన్న మాట మాత్రము అంతటితో విఱిగిపోయినది. ప్రతివాడును అన్న మాటను పడగొట్టుటకు ఒక్కడు చాలును. ఎంత సాక్ష్యమునకు ఎంత నిర్ణయమో తెలిసికొనుట తర్కములో సగము.

జ్యోతిషమును, శకునములను గూర్చియు వారు నిష్ఠురముగా వ్రాసిరి. పది జోస్యములలో ఒకటి ఫలించినచో దానిని పది యూళ్ల చెప్పుకొందుము. తొమ్మిది తప్పినచో వానిని మఱచిపోవుదుము. మా పాఠశాలలోను పరీక్షనాడు పిల్లి యెదురైనదని ఇంటికి మరలిపోయి, కాళ్లు కడుగుకొని, మంచినీళ్లు త్రాగి, ఆలస్యముగా వచ్చిన బాలురు గలరు. తప్పినవాడు పిల్లిని జ్ఞాపకముంచుకొనును. ఉత్తీర్ణుడైనవాడు తనకును పిల్లి యెదురైన సంగతియే మఱచును.

పంతులుగారు వృత్తిచే మావలె నుపాధ్యాయులు. కోరంగిలోను, ధవళేశ్వరమునను, రాజమహేంద్రవరమునను, కడపట చెన్నపట్టణమందలి ప్రెసిడెన్సీ కళాశాలలోను పనిచేసిరి. 1874 లో వివేకవర్ధని యను పత్రికను ప్రారంభించిరి. న్యాయస్థానములలోని లంచగొండితనము మొదలు పెండ్లిండ్లలో భోగము మేళములవఱకు ఆ పత్రిక విడిచిపెట్టిన విషయము లేదు. ఆ పత్రికయందే 1878 నుండి ప్రకటింపబడి, 1880 లో పుస్తకరూపము దాల్చిన రాజశేఖర చరిత్రమున, బంగారము చేసెదనని నమ్మించి ఇంటిలోని సొమ్మంతయు గైకొని పాఱిపోవు వంచకుని కథ గలదు. రాజశేఖరుడు చదువురానివాడు గాడు, మంచివాడు. అతడేల మోసపోయెను? ఆ మాట నిజము గావలెనని కోరెను గనుక. కోరిక బలముగా నున్నచోట ఆధారమును అడుగ బుద్ధి పుట్టదు. నేడు సెల్ ఫోనులలో సందేశములు పంపి, మొదట కొలది సొమ్ము తిరిగి యిచ్చి నమ్మకము గలిగించి, పిమ్మట నిల్వసొమ్మంతయు లాగుకొను మోసగాండ్రను గూర్చి తలిదండ్రులు మాతో చెప్పుకొనునపుడెల్ల మాకు ఆ కథయే స్ఫురించును. యంత్రము క్రొత్తది, కోరిక పాతదే.

ఇక స్త్రీవిద్యా వివాదము. పంతులుగారు ధవళేశ్వరమున 1874 లో బాలికా పాఠశాలను స్థాపించిరి. స్త్రీలకు చదువు తగదని కొక్కొండ వేంకటరత్నము పంతులుగారు తమ పత్రికయందు వాదింపగా, వీరు వివేకవర్ధనియందు ప్రతివాదము చేయుచు వచ్చిరి. వేంకటరత్నము పంతులుగారు సామాన్యులు గారు, గొప్ప పండితులు. ఇద్దఱు పండితులు ఎదురెదురుగా నిలిచి, కత్తులు లేక కాగితములతో పోరాడుట ఆంధ్రులకు అప్పటికి క్రొత్త. పాఠకుడు రెండు పత్రికలను చదివి, తన తీర్పు తాను చేసికొనవలసి వచ్చెను. ఇది సామాన్యమైన లాభము గాదని మా యభిప్రాయము.

చదివిన స్త్రీ చెడునని యనేకులనుచుండిరి. ఈ మాటకు పంతులుగారు కనిపెట్టిన పరీక్ష మిక్కిలి రుచికరమైనది. సత్యరాజా పూర్వదేశయాత్రలను గ్రంథమున వారు, స్త్రీలు పెత్తనము చేయుచు, పురుషులు ఇంట నణగియుండు నొక దేశమును కల్పించిరి. మన దేశమున స్త్రీలను గూర్చి చెప్పెడి మాటలే అచ్చట పురుషులను గూర్చి వినవచ్చును. చదివెడివాడు మొదట నవ్వును, తరువాత నాలోచనలో పడును. ఒక వాదము మనకు అనుకూలముగా నున్నపుడు సరిగా కనబడుచు, పేర్లు తారుమాఱు చేసినంతనే హాస్యాస్పదమైనచో, ఆ వాదమునకు బలము దాని సత్యమువలన గాక మన యలవాటువలన వచ్చినదని గ్రహింపవచ్చును. ఈ పరీక్షకు వ్యాకరణము రానక్కఱలేదు. అన్నదమ్ములు తగవులాడునపుడు, అక్కకు ఒక న్యాయము తమ్మునికి ఒక న్యాయము జరుగునపుడు, తల్లులును దీనిని ఇంటిలో ప్రయోగింపవచ్చును.

పంతులుగారి జీవితమున ముఖ్యఘట్టము వితంతు వివాహోద్యమము. అచ్చట గెలుపోటములు కాగితముపై నిలువలేదు. ఐదారేండ్లకు పెండ్లియై, ఊహ తెలియకముందే భర్తను గోల్పోయి, శిరోముండనముతో, ఒంటిపూట భోజనముతో నిండు జీవితము గడుపవలసిన బాలికలు ఎందఱో యింటింట నుండిరి. 1856 లోనే ప్రభుత్వము వితంతు వివాహములను చట్టబద్ధము చేసియుండెను గాని, తెలుగునాట చట్టము పుస్తకమున నిదురించుచుండెను. 1879 ఆగస్టు 3 న రాజమహేంద్రవరమున పంతులుగారు ఈ విషయమును గూర్చి తొలి యుపన్యాసమిచ్చిరి.

వారు దయతో నారంభింపక ప్రమాణముతో నారంభించిరి. కన్నీరు పెట్టించుట వారికి చేతకాక గాదు. ఎదుటివారు శాస్త్రమును నమ్మినవారు, శాస్త్రమునే చూపవలెను. వంగదేశమున ఈశ్వరచంద్ర విద్యాసాగరులు చూపిన త్రోవనే, కలియుగ ధర్మములను చెప్పునదిగా ప్రసిద్ధి గన్న పరాశరస్మృతిని వారు ముందుంచిరి. ఎదుటివాడు అంగీకరించిన దానినుండియే తన నిర్ణయమును రాబట్టుట వాదములలో నుత్తమమైనది. తనకు మాత్రమే యిష్టమైన సూత్రమును పట్టుకొని ఎదుటివానిని మూర్ఖుడనుట సులభమే కాని, దానివలన నొక్కడైనను మాఱడు.

ప్రతిపక్షుల వాదములన్నియు నిస్సారములనుట న్యాయము గాదు. ఆ స్మృతివాక్యము మాట యిచ్చిన కన్యకే గాని పెండ్లియైన స్త్రీకి వర్తింపదనువారుండిరి. అది తగిన వాదము. దానికి తగిన సమాధానమీయవలెను, ఇయ్యబడినది. అయితే ఇట్టివి కొన్నియే. తక్కినవి తాతముత్తాతల నాటినుండి లేని పని యనుట, ఊరందఱును కాదనుచుండగా నీవొక్కడవు అవుననుటయేమనుట, ఆచారమును విడిచినవాడు చెప్పిన మాట వినరాదనుట. మొదటిది సత్యమైనచో ఆ తాతల కాలమున మొదలైన ప్రతి యాచారమును అంతకుముందు తాతలు కాదనియేయుందురు. రెండవదానికి మా తరగతిలో లేచిన చేతులే యుదాహరణము. మూడవది మిక్కిలి మోసకరమైనది. చెప్పినవాడు మంచివాడా, చెడ్డవాడా యనునది వేఱు ప్రశ్న. చెప్పినది నిజమా, కాదా యనునది వేఱు ప్రశ్న. త్రాగుబోతు వచ్చి ఇల్లు అంటుకొన్నదని చెప్పినను ముందు ఇంటివైపు చూడవలెను గదా.

పంతులుగారిని గూర్చి పుట్టిన యపవాదులకు లెక్క లేదు. నిప్పు లేనిదే పొగ రాదను సామెతను ఇట్టి వేళలందు మనవారు తఱచుగా వాడుదురు. కొండపై పొగ గనబడిన యెడల అచ్చట నిప్పున్నదని యూహించుట న్యాయశాస్త్రమున ప్రసిద్ధమైన యుదాహరణమే. తెలుగువారైన అన్నంభట్టుగారి సంస్కృత తర్కసంగ్రహమునందును అది గలదు. కాని కనబడినది పొగయేనా యని ముందు చూడవలెను. తెల్లవాఱుజామున చెఱువుపై లేచు మంచును, బండ్లు పోవునపుడు రేగు ధూళిని పొగయని భ్రమపడి నిప్పును వెదకిన నేమి దొరకును? పదిమంది నోట పడినంతనే చాడీ పొగ గాదు. అది ఒక్కడు రేపిన ధూళియే కావచ్చును.

1881 డిసెంబరు 11 న రాజమహేంద్రవరమున పంతులుగారి యింట, బాలవితంతువైన గౌరమ్మకును గోగులపాటి శ్రీరాములుగారికిని వివాహము జరిగినది. నాలుగు దినములలో రెండవ వివాహమును జరిగినది. కాకినాడ వర్తకులు పైడా రామకృష్ణయ్యగారు ధనసహాయము చేసిరి. విద్యార్థులు వెంట నిలిచిరి. వాదమునకు సమాధానము తోచనివారు వెలి వేసిరి. వంటవారు రాలేదు, నీళ్లు మోయువారు రాలేదు, పురోహితులు తప్పుకొనిరి. రాజ్యలక్ష్మమ్మగారు తామే గోదావరినుండి నీరు మోసి తెచ్చి, పెండ్లివారికి వంట చేసిరి. భర్తగారి వాదము నిలుచుటకు ఆమె బిందె ఎంత తోడ్పడెనో చరిత్రకారులింకను సరిగా తూచలేదని మేము తలచుచున్నాము. వెలి వేయుటచే మనుష్యుని బాధింపవచ్చును. వాని మాట తప్పని మాత్రము తేలదు. తరువాతి సంవత్సరములలో పంతులుగారు జరిపించిన వితంతు వివాహములు సుమారు నలువది.

ఇంత చెప్పిన పిమ్మట వారి లోపమొకటి దాచుట తగదు. పంతులుగారి ప్రహసనములు చదివి నవ్వనివారు లేరు. ముసలివానికి పసిపిల్లనిచ్చి పెండ్లి చేయు దురాచారమును, కోర్టులలోని ప్లీడర్ల తంత్రములను వారు చీల్చి చెండాడిరి. కాని వారి యెగతాళి పలుమాఱు దురాచారమును దాటి మనుష్యుని మీదికి పోయెడిది. తమ్ముగూర్చి యెదుటివారు చేసినదే అప్పుడు తాము చేసినట్లగుచుండెను. ఒకని పిలకను చూచి నవ్వినంతమాత్రమున వాని మాట అబద్ధమైనట్లు కాదు. నవ్వు ఉపాధ్యాయుల చేతిలోను మిక్కిలి వాడియైన పనిముట్టు. తప్పు సమాధానము చెప్పిన బాలుని తరగతియంతటిచే నవ్వించి, ఆ సమాధానము ఏల తప్పో చెప్పక విడిచిన దినములు మాకును గలవు. ఆ బాలుడు ఆనాడు నేర్చినది లెక్క గాదు, నోరు మూసికొనుట.

ఇప్పుడు పోతన మాటకు వత్తము. పంతులుగారు ఆంధ్రకవుల చరిత్రమును వ్రాయ బూనినపుడు, కవులను గూర్చి లోకమున కథలు కుప్పలుగా నుండెను. వేర్వేఱు కాలములవారిని ఒక్క సభలో కూర్చుండబెట్టి పందెములాడించిన కథలును వానిలో నుండెను. వారు కవులు తమ గ్రంథములలో చెప్పుకొన్న వంశక్రమములను, కృతిపతుల కాలములను, శాసనములను ప్రక్క ప్రక్కన నుంచి చూచిరి. కథ యెంత మధురమైనను కాలము కుదరనిచో విడిచిరి. క్రొత్త యాధారములు దొరకినపుడు తరువాతి కూర్పున తమ పూర్వపు వ్రాతనే దిద్దిరి.

ఆ త్రాసులో మా తరగతివారి వాదములు మూడును తూగవు. పోతన నివాసము ఏకశిలానగరమందురు. ఒక రాతి కొండగల యోరుగల్లునకు ఆ పేరు చెల్లును. ఒంటిమిట్టకును ఆ పేరు చెల్లుననువారు గలరు. కావున పేరొక్కటే తీర్పు చెప్పజాలదు. రెండిండ్ల తలుపులను తెఱచు తాళపుచెవి చూపి, ఇది నా యిల్లే యనరాదు గదా. కవి యింటిపేరు బమ్మెర. పాలకుర్తి చెంత బమ్మెర గ్రామము నేటికిని గలదు. ఇది మొదటిదానికంటె బరువైన యాధారము. అయినను ఇంటిపేరు పూర్వులు నివసించిన యూరిని తెలుపునే గాని, కవి యెచ్చట కూర్చుండి వ్రాసెనో తెలుపదని ఎదుటివాడనవచ్చును. అన్నవానిని ద్రోహియనక మఱియొక యాధారమును వెదకవలెను. పోతన మనవాడేయని మా నమ్మకము. ఓరుగల్లున నున్నవారము గనుక ఆ నమ్మకమును ఇతరులకంటె రెట్టింపు శోధింపవలసినవారమును మేమే. ఈ మాట చెప్పినపుడు తరగతిలో కొందఱు బాలురకు మాపై కోపము వచ్చినది. మఱునాడు అందొకడు బమ్మెరకు పోయి వచ్చినవాని నడిగి, అచ్చటివారు చూపు పొలములను గూర్చి నాలుగు పుటలు వ్రాసి తెచ్చెను. అందు మూడు పుటలు వినికిడియే. అయినను ఏది వినికిడియో ఏది చూచినదో వాడే వేఱుగా గీత గీసి చూపెను.

పంతులుగారు తర్కమును గూర్చి తెలుగున పుస్తకమును వ్రాసిరి. కాని వారి తర్కమునకు గట్టి పరీక్ష వార్ధకమున వచ్చినది. యౌవనమున వారు పెదవులు తగులని యక్షరములతోనే నలచరిత్రమును శుద్ధాంధ్రమున రచించినవారు. చిన్నయసూరి నీతిచంద్రికను అనుసరించి విగ్రహమును ప్రౌఢమైన గ్రాంధికమున పూరించినవారు. క్రమముగా సులభశైలికి దిగివచ్చినను, గిడుగు రామమూర్తి పంతులుగారు వ్యావహారిక భాషలో గ్రంథములు వ్రాయవలెనని వాదింప నారంభించినపుడు వీరు గ్రాంధికపక్షముననే యుండిరి. ఆ వివాదము ఏండ్ల తరబడి సాగెను. ఒకవైపు తాము జీవితమంతయు వ్రాసిన వ్రాత, ఒకవైపు ఎదుటివారి యాధారములు. వయసు చెల్లినవారు, కీర్తి గన్నవారు, ఇట్టి చోట మౌనము వహించిన నెవరును తప్పు పట్టరు.

పంతులుగారు మౌనము వహింపలేదు. 1919 ఫిబ్రవరిలో రాజమహేంద్రవరమున వర్తమాన వ్యావహారికాంధ్ర భాషా ప్రవర్తక సమాజము ఏర్పడినపుడు, డెబ్బదియవ యేట, దాని యధ్యక్షపదవిని స్వీకరించిరి. రామమూర్తి పంతులుగారు కార్యదర్శి. నిన్నటి ప్రతివాదులిద్దఱు ఒక్క సమాజమున చేరిరి. పాత భాషను విడువలేక ఈ వ్యాసమును ఇట్లు వ్రాయుచున్న మమ్ము చూచిన, వారేమందురో మాకు తెలియును.

ఆ సమాజము పనిని వారు చూచినది మూడు మాసములు మాత్రమే. 1919 మే 27 న చెన్నపట్టణమున పంతులుగారు పరమపదించిరి. తమ యాస్తినంతయు అంతకు చాల ముందే, 1906 లో, తాము స్థాపించిన హితకారిణీ సమాజమున కొసగియుండిరి. రాజమహేంద్రవరమున వారు పుట్టిన యిల్లు నేడు వారి స్మారకముగా నిలిచియున్నది.